కట్టలోని కడపటి ఆకులు

మా యింట నొక తాళపత్రముల కట్ట కలదు. మత్తిగిరిలో మా తాతగారు కట్టించిన పెంకుటింటి అటకమీద, ధాన్యము కొలుచు కుంచముల ప్రక్కన, ఎఱ్ఱని గుడ్డలో చుట్టబడి యుండెడిది. నేను పండితుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు కచేరిలో గుమాస్తాగా దస్త్రములు మోసినవాడను. పుటలు లెక్కించుట, వరుస చూచుట, లేని పుటను లేదని వ్రాయుట, ఇవి మాత్రము నాకు తెలియును. ఆపాటి తెలివితోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కట్టలోని ముందు భాగము మాఘ మాహాత్మ్యము, అదియు వచనము. దీని కర్త మధుర నేలిన విజయరంగ చొక్కనాథ నాయకుడు. ఆయన 1706 మొదలు 1732 వఱకు రాజ్యము చేసెను. అరవదేశము నడుమ కొలువుదీర్చి, తెలుగున శ్రీరంగ మాహాత్మ్యమును, మాఘ మాహాత్మ్యమును వచనముగా వ్రాసిన రాజాయన. ఆయన కొలువులోనే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును వచనమున రచించెను. మైసూరు సంస్థానమున కళువె వీరరాజు మహాభారతమును వచనముగా వ్రాసెను. పద్యమే కావ్యమను ఆ కాలమున తెలుగు వచనము ఇంత విరివిగా పెరిగినది ఈ దక్షిణదేశముననే. మనము ఇచ్చటికి నిన్న మొన్న వచ్చినవారము కామని చెప్పుటకు వేఱు పట్టా ఏల?

మాఘమాసమున మా నాయనమ్మ తెల్లవారుజామున తలస్నానము చేసి, తులసికోట యొద్ద కూర్చుండి, మా తాతగారిచేత దినమున కొక అధ్యాయము చదివించుకొనెడిది. కథ ముగిసిన పిదప, "ఆ కడపటి ఆకులు కూడా రెండు చదవండి" అని కొంగు నోటి కడ్డము పెట్టుకొని నవ్వెడిది. కడపటి పండ్రెండు ఆకులలో నున్నది మాహాత్మ్యము గాదు. వేమన పద్యములు కొన్ని, కర్తపేరు లేని చాటువులు కొన్ని. ప్రసాదములో నేయి తగ్గించిన ధర్మకర్తపై నొకటి. శిష్యు నింట మూడు పూటలు భుజించి ఉపవాస మహిమ బోధించిన గురువుపై నొకటి. చేతివ్రాత మొదటినుండి తుదివఱకు నొక్కటే. మాఘస్నాన ఫలమును వ్రాసిన గంటమే ఆ గురువు పొట్టను గూడ గీసినది. చివర సంవత్సరము పేరు మాత్రము కలదు. అరువదేండ్ల కొకసారి తిరిగివచ్చు పేరు. అట్టి తేదీతో కాగితము వచ్చినచో మా కచేరిలో త్రిప్పి పంపెడివారము.

1829లో బ్రౌను దొర మదరాసున వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించువఱకు అవి ఇట్టి ఆకులలోను, జనుల నోళ్ళలోను మాత్రమే బ్రతికియుండెను. చదువరులారా, మీ అటకలమీది కట్టలను ఒకసారి తుదవఱకు విప్పి చూడుడు.

బెంగళూరులో ఆంగ్ల సాహిత్యము చదువుచున్న నా మనుమరాలు క్రిందటి వేసవి సెలవులకు వచ్చెను. నే నాకులకు నిమ్మగడ్డి నూనె రాయుచు ఆ పద్యముల సంగతి చెప్పగా ఆమె కన్నులు పెద్దవి చేసెను. "తాతా, దేవుని కథ వెనకాల తిట్లా? ఇంగ్లండులోనూ అచ్చం ఇట్లే ఉండేది!" అనెను.

ఆమె చెప్పిన దిది. నాలుగు వందల యేండ్ల క్రిందట ఆ దేశపు విద్యార్థులును, మతాచార్యులును సొంత వ్రాతపుస్తకము లుంచుకొనెడివారట. వానిలో ఇంగ్లీషు వచనమున ధర్మోపదేశములు, ప్రార్థనలు ఉండును. పుట త్రిప్పిన లాటిను భాషలో బిషప్పులను, పండితులను ఎగతాళి చేయు పద్యము లుండును. అందు ఆండ్రూ మెల్విల్ కథ నా మనసున నాటుకొన్నది. ఈయన స్కాట్లండు మతపండితుడు. 1604 ప్రాంతమున ఆంగ్ల విశ్వవిద్యాలయములను ఎత్తిపొడుచుచు ఈయన వ్రాసిన లాటిను కవిత 1620 వఱకు అచ్చు గాలేదు. అంతదనుక వ్రాతప్రతులుగనే చేతులు మారెను. దానికి బదులుగా లాటిను పద్యములు వ్రాసిన జార్జి హెర్బర్టు గొప్ప భక్తకవియట! ఆ బదులు అచ్చయినది 1662లో, అనగా ఆయన పోయిన యిరువది తొమ్మిదేండ్లకు. 1606లో మెల్విల్ రాజుగారి ప్రార్థనామందిరమున పీఠముపై మూసిన గ్రంథములను, వెలిగింపని వత్తులను, నీరులేని పళ్ళెములను చూచి చిన్న పద్య మొకటి అల్లెను. అది రాజు చెవి బడెను. మఱుసటి యేడు ఆయనను లండను కోటలో బంధించిరి. 1611లో విడిచి ఫ్రాన్సుకు పంపిరి. 1622లో పరదేశమునందే కన్నుమూసెను. కొన్ని పంక్తులకు నాలుగేండ్ల చెఱ!

ఆయన నాస్తికుడు గాడు. భక్తి మెండుగా నున్నందుననే వట్టి పళ్ళెములను చూచి ఓర్వలేకపోయెను. మా కట్ట వ్రాసిన పెద్దయు అట్టివాడే యని నా తలంపు. అయితే లాటిను చదివినవారి భాష; ఆ వెక్కిరింత బండి తోలువానికి అందదు. వేమన పద్యము బండివాని నోటనే పుట్టినట్లుండును.

ఇది వినుచుండగా నాకు వేఱొక చింత గలిగినది. మా వీధిలో తెలుగు మాటాడువారికి కొదువ లేదు, చదువువారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముతో బడులలో ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరి యయ్యెను. తమిళముతో నాకు పేచీ లేదు, దానితోనే కూడు దిన్నాను. కాని మాట బ్రతికియుండగనే మన లిపి మన యింట లాటిను అగుచున్నది. నా మనుమరాలికిని అక్షరములు రావు. "ఆ తిట్లను చదవడానికైనా నేర్చుకుంటాను" అని పలక తెచ్చుకొనెను. మూడు వారములలో తప్పులతో చదువసాగెను.

ఒకనాడు వ్రేలు ఆకుమీద నుంచి, "తాతా, 83 తరువాత 86 ఉంది. 84, 85 ఎక్కడ?" అని అడిగెను.

ఉద్యోగమున ఎన్ని దస్త్రములపై 'పుట లేదు' అని వ్రాసితినో లెక్కలేదు. ఆ దినము మాత్రము నోట మాట రాలేదు. 1983లో మా చెల్లెలి పెండ్లిమాటలు నడచుచుండగా, వరుని పెదనాన్నగారు పండితులనియు, కట్ట చూడగోరుచున్నారనియు కబురు వచ్చెను. ఆ రెండాకులలో నున్నది ఒక కరణముపై వెక్కిరింత. తన పొలము కొలుచునపుడు సాగి, పేదవాని పొలము కొలుచునపుడు ముడుచుకొను త్రాడు ఆయనది. మాది కరణముల వంశము. 1980లో ప్రభుత్వము ఆ యుద్యోగములను తీసివేయువఱకు మా యింటిదే ఆ పని. నేనా రెండాకులను త్రాటినుండి ఊడదీసి అటక మూలకు త్రోసితిని. ఆ పెదనాన్నగారు రానేలేదు. పెండ్లి సుఖముగా జరిగెను. రెండేండ్లకు వెదకగా చెదపుట్ట మాత్రము దొరికెను.

ఇదంతయు చెప్పితిని. ఆమె కోపింపలేదు. తన పుస్తకమున 84, 85 అని వ్రాసి, "నీకు గుర్తున్నది చెప్పు" అనెను. ఒకటిన్నర పద్యము జ్ఞాపకము వచ్చినది. చెప్పితిని, వ్రాసికొని, మిగిలిన చోటు ఖాళీగా విడిచెను.

"ఇంతకూ ఎవరిని తిట్టినారు తాతా?"

"మన ఇంటివాళ్ళనే, అమ్మా" అంటిని.