నైలుకు ఎదురుగా

పందొమ్మిదో శతాబ్దంలో అలెగ్జాండ్రియా రేవులో దిగిన వేదబోధకుడికి ఖార్టూమ్ చేరే ప్రధాన మార్గం నైలు నదే. నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. అతను నీటికి ఎదురుగా దక్షిణానికి పోవాలి. అస్వాన్ మొదలుకొని ఖార్టూమ్ లోపు ఆరు చోట్ల నది బండరాళ్ల మీద విరిగి పడుతుంది. అందుకే కొరోస్కో దగ్గర పడవ దిగి, నుబియా ఎడారిని ఒంటెల మీద దాటి, అబూ హమద్ వద్ద మళ్లీ నదిని అందుకునేవారు. ఆ పాత కొరోస్కో ఇప్పుడు నాసర్ జలాశయం అడుగున ఉంది. ఉత్తర ఇటలీలో గార్దా సరస్సు ఒడ్డున ఒక తోటమాలి ఇంట పుట్టిన డానియేలె కొంబోని, 1857లో ఐదుగురు సహచరులతో ఈ దారి పట్టాడు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. ఖార్టూమ్ దాటి తెల్ల నైలు మీద ఇంకా పైకి వెళ్లి, 1858 ఫిబ్రవరిలో డింకా ప్రజల నడుమ ఉన్న హోలీ క్రాస్ కేంద్రానికి చేరాడు. కొద్ది వారాలకే ఆ సహచరుల్లో ఒకరైన ఫాదర్ ఒలిబోని జ్వరంతో కన్నుమూశాడు. మరుసటి ఏడు కొంబోని కూడా జ్వరాలతో చిక్కి ఇటలీకి తిరిగి వెళ్లాడు.

కొంబోనిని త్యాగమూర్తిగా కొలవడం పరిపాటి. ఆ ధైర్యం నిజమే. కానీ ఆయనకంటే ముందు ఆ నదీ తీరంలో ప్రాణాలర్పించినవారి ధైర్యమూ తక్కువేం కాదు. మధ్య ఆఫ్రికా మిషన్ 1846లో ఏర్పడింది. దాని తొలి నాయకుడు రిల్లో 1848లోనే ఖార్టూమ్‌లో మరణించాడు. ఆ తర్వాత వెళ్లినవారూ వరసగా నేలకొరిగారు. మలేరియాను మోసుకొచ్చేది దోమేనన్న సంగతికి రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో ఆధారం పట్టింది 1897లో. అప్పటికి కొంబోని పోయి పదహారేళ్లు. జ్వరాల మూలమే తెలియని ఆ రోజుల్లో ధైర్యం ఒక్కటే సరిపోదు, కాబట్టి ఆయన గొప్పతనాన్ని మరణానికి ఎదురెళ్లడంలో కన్నా, తాను లేకపోయినా పని సాగే ఏర్పాటు చేయడంలో వెతకాలి. కాపరిగా ఆయన నాయకత్వమంతా అందులోనే ఉంది.

1864 సెప్టెంబరులో, రోమ్‌లో పునీత పేతురు సమాధి వద్ద ప్రార్థిస్తుండగా ఆయన మనసులో ఒక ప్రణాళిక రూపుదిద్దుకుంది. ఆఫ్రికాను ఆఫ్రికన్ల చేతే రక్షించాలన్నది దాని సారం. దాని వెనుక రెండు చేదు అనుభవాలున్నాయి: తెల్ల నైలు మీదికి వెళ్లిన యూరోపియన్లు రాలిపోయారు, చదువు కోసం యూరప్‌కు తెచ్చిన ఆఫ్రికన్ పిల్లల్లో చాలామంది అక్కడి చలికి బతకలేదు. ఇద్దరూ బతకగలిగే చోటు కావాలి. నది మీద అలాంటి చోటు కైరో. 1867లో వెరోనాలో మిషనరీల సంస్థను స్థాపించిన ఆయన, ఆ ఏడాది చివరే కైరోలో శిక్షణాలయాలు తెరవడానికి బయల్దేరాడు. ఉపాధ్యాయులు, వైద్య సహాయకులు, చేతిపనివారు, గురువులు అక్కడ తయారై ఎగువకు పోవాలన్నది ఆలోచన. 1872లో మఠకన్యల సంస్థను కూడా నెలకొల్పాడు. బానిసత్వం నుంచి విముక్తి పొంది, వెరోనాలో చదువుకున్న ఫొర్తునాతా క్వాషె ఆ సంస్థలో తొలి ఆఫ్రికన్ సోదరి. ఆమెను సాయం పొందిన మనిషిగా చూసి ఊరుకోలేదు, పని నడిపించే మనిషిగా నమ్మారు. నాకు ఈ ప్రయత్నమంతటిలో అతి విలువైనది ఇదే.

ఇదంతా వలస పాలనకు వేసిన బాట కాదా అని అడిగేవారున్నారు. ప్రశ్నను తోసిపుచ్చలేం. 1870లో వాటికన్ మహాసభకు ఆయన సమర్పించిన వినతిలో నల్లజాతివారిని బైబిల్లోని హాము సంతతికి చెందిన శాపగ్రస్తులుగా భావించే ఆనాటి నమ్మకం కనిపిస్తుంది. ఆస్ట్రియా చక్రవర్తి రక్షణ, ఈజిప్టు పాలకుడైన ఖెదీవ్ అనుమతి లేనిదే మిషన్ ఒక్క అడుగు వేయలేకపోయేది. ఈ లోపాలను లోపాలనే అనాలి. అయితే ఆఫ్రికాను పంచుకోవడానికి నియమాలు రాసిన బెర్లిన్ సమావేశం 1884లో మొదలైంది, ఈ ప్రణాళిక అంతకు ఇరవై ఏళ్ల ముందుది. శాశ్వత పెత్తనం కోరేవాడు తన స్థానంలోకి వచ్చేవారిని తయారుచేయడు. ఎల్ ఒబెయిద్‌లో బానిసత్వం నుంచి పారిపోయి మిషన్‌ను ఆశ్రయించిన డింకా బాలుడు డేనియల్ సొరూర్, 1887లో కైరోలో గురుపట్టం పొందాడు.

ఖార్టూమ్ వద్ద తెల్ల నైలు, నీలి నైలు కలుస్తాయి. 1877లో బిషప్‌గా అభిషిక్తుడైన కొంబోని అక్కడికి చేరేసరికి కరవు, దాని వెంట అంటురోగాలు. సహచరులను పాతిపెడుతూ, అప్పులు తీరుస్తూ, బానిస వ్యాపారంతో పోరాడుతూ 1881 అక్టోబరు 10న, యాభై ఏళ్ల వయసులో అక్కడే మరణించాడు. అదే ఏడు సూడాన్‌లో మహ్దీ అనే మతనాయకుడి వెనుక మొదలైన తిరుగుబాటు 1885లో ఖార్టూమ్‌ను పట్టుకుంది. ఆయన సమాధి కూడా ధ్వంసమైంది. అంతా విఫలమైందని అందుకే కొందరంటారు. వాళ్లు చూసేది ఎగువను మాత్రమే. దిగువన కైరో, సముద్రానికి అవతల వెరోనా నిలిచాయి. మహ్దీ రాజ్యం కూలాక మిషనరీలు మళ్లీ ఎగువకు వెళ్లగలిగింది వాటి వల్లే.

ప్రణాళికకు అసలు పరీక్ష 1964లో వచ్చింది. అది పుట్టి సరిగ్గా వందేళ్లయిన ఆ ఏడాది, సూడాన్ ప్రభుత్వం దక్షిణ ప్రాంతం నుంచి విదేశీ మిషనరీలందరినీ వెళ్లగొట్టింది. తెల్ల నైలు ఎగువన సంఘం ఉన్నపళంగా సూడాన్ గురువుల చేతికి వచ్చింది. అంతర్యుద్ధం నడుమ, తగినంతమంది లేకపోయినా వాళ్లు దాన్ని నిలబెట్టారు. పదేళ్లకు, మొదటి తరం మిషనరీలు చనిపోయిన గొండొకొరోకు కూతవేటు దూరంలోని జూబాలో అతిమేత్రాసనం ఏర్పడింది. దాని తొలి పీఠాధిపతి ఇరేనియస్ డుడ్ ఆ దేశపు బిడ్డే.