కార్న్‌వాల్ గనిలో మా తాత అడిగిన ప్రశ్న

కేజీఎఫ్ అనగానే మీకు రాకీ భాయ్ గుర్తొస్తాడు. నాకు మా తాత దగ్గు గుర్తొస్తుంది.

తాత 1962 నుంచి 1997 దాకా కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. పైనుంచి రాళ్లు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఇప్పుడు కుప్పం దగ్గర మా ఊళ్లో, అరుగు మీద కూర్చుని దగ్గుతుంటాడు. ఇంజినీరింగ్ హాస్టల్లో ఫ్రెండ్స్ అడిగితే, 'మా తాతది గవర్నమెంట్ జాబ్' అని చెప్పేవాణ్ని. అబద్ధమైతే కాదు. కానీ గని అన్న మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు.

ఆన్‌సైట్ మీద ఇంగ్లాండ్ వచ్చాక ఒకసారి ఫోన్లో తాత అన్నాడు: "మా నాయన కాలంలో గనిలో దొరలంతా కార్నిష్ వాళ్లేరా. ఆ ఊరు ఆడ యాడుందో చూసిరా." అప్పటిదాకా నాకు కార్న్‌వాల్ అంటే మంచి బీచ్‌లున్న చోటు, అంతే. గూగుల్ చేశాను. నిజమే! 1880ల్లో కోలార్‌లో బంగారు గనులు నడిపిన లండన్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్. లోపల పని తెలిసినవాళ్లు కావాలని కార్న్‌వాల్ నుంచి మనుషుల్ని రప్పించింది. మన వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు వాళ్ల కింద కూలీలుగా చేరారు. అంటే మా ముత్తాత మేస్త్రీల సొంతూరు నాకు ఒక్క ట్రైన్ దూరంలో ఉందన్నమాట.

లాంగ్ వీకెండ్ దొరికింది. రూమ్మేట్ నవ్వాడు. "అందరూ కార్న్‌వాల్‌కి సముద్రం కోసం వెళ్తారు. నువ్వు గుంతలు చూడ్డానికి వెళ్తావేంట్రా?"

పెండీన్ ఊళ్లోకి

లండన్ ప్యాడింగ్టన్ నుంచి పెన్జాన్స్‌కి రైల్లో దాదాపు ఐదు గంటలు. అక్కడి నుంచి బస్సు. ఇరుకు రోడ్లు, రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో ఆవులు. కాసేపటికి కొండ మీద ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టాలు కనిపించడం మొదలైంది. పక్కనే పైకప్పు లేని రాతి ఇళ్లు. పాడుబడ్డ గుళ్లేమో అనుకున్నాను. అవన్నీ ఇంజిన్ హౌస్‌లు. గనిలోకి ఊరే నీటిని తోడిపోసే ఆవిరి ఇంజిన్ల కోసం కట్టినవి.

పెండీన్ చిన్న ఊరు. గ్రానైట్ ఇళ్లు, ఒక చర్చి, దూరంగా లైట్‌హౌస్. ఊరి చివర, సముద్రం అంచున గీవర్ తగరం గని. 1985 అక్టోబర్‌లో ప్రపంచ మార్కెట్‌లో తగరం ధర ఒక్కసారిగా కుప్పకూలింది. గీవర్ కొన్నేళ్లు గింజుకుని 1990లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం. 2006లో కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల ప్రాంతాలకు యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అందులో ఈ తీరం కూడా ఉంది.

లోపల నాకు బాగా నచ్చింది పాత సొరంగం టూర్. దాని పేరు వీల్ మెక్సికో. కార్నిష్ భాషలో 'వీల్' అంటే పనిచేసే చోటు అని అర్థం. ఈ గనుల పేర్లలో సగం 'వీల్'తోనే మొదలవుతాయి. నెత్తిన హెల్మెట్ పెట్టి, పైన ఒక కోటు తొడిగి పంపించారు. వందల ఏళ్ల కిందట చేతులతో తవ్విన దారి. సగం వంగి నడవాలి. నా హెల్మెట్ పైరాయికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కలేదు. పది నిమిషాలకే నడుం పట్టేసింది. తాత ముప్పై అయిదేళ్లు చేశాడు.

లెవాంట్... ఆ నిచ్చెన

గీవర్ నుంచి కొండ అంచు దారి పట్టుకుని నడిస్తే కాసేపట్లో లెవాంట్ వస్తుంది. కుడిపక్క అట్లాంటిక్. కింద అలలు రాళ్లను బాదుతుంటాయి. ఈ గని సొరంగాలు ఆ సముద్రం అడుగుకి, ఒడ్డు నుంచి మైలు దూరం దాకా వెళ్లాయి. నెత్తిన సముద్రాన్ని పెట్టుకుని పనిచేశారు!

ఇక్కడ 1840 నాటి బీమ్ ఇంజిన్ ఉంది. 1930లో గని మూసేశాక అరవై ఏళ్లు తుప్పుపట్టి పడుంటే, కొందరు వాలంటీర్లు కూర్చుని బాగుచేశారు. 'గ్రీజీ గ్యాంగ్' అని వాళ్లకి పేరు. నేను వెళ్లిన రోజు ఇంజిన్ నడపలేదు. మీరు వెళ్తే, నడిపే రోజేదో ముందే చూసుకోండి.

అసలు మనసు కలుక్కుమన్నది మాత్రం మ్యాన్ ఇంజిన్ షాఫ్ట్ దగ్గర. లిఫ్ట్ లేని రోజుల్లో అది గని మనుషుల లిఫ్ట్. ఒక పొడవాటి కొయ్య దూలం పన్నెండు అడుగులు పైకి లేస్తుంది, మళ్లీ కిందికి దిగుతుంది. దానికి మెట్లుంటాయి. పైకి లేచాక పక్కనున్న అరుగు మీదకి అడుగేయాలి. దూలం దిగి మళ్లీ రాగానే తర్వాతి మెట్టెక్కాలి. అలా అడుగడుగుగా పైకి. షిఫ్ట్ అయ్యాక, ఒళ్లు హూనమయ్యాక, చీకట్లో!

1919 అక్టోబర్ 20న షిఫ్ట్ దిగి మనుషులు పైకొస్తుండగా, దూలాన్ని పైనుంచి పట్టుకునే ఇనుప బంధం తెగింది. 31 మంది చనిపోయారు. ఇంత చిన్న తీరంలో ముప్పై ఒక్క ఇళ్లు. మా బిల్డ్ ఫెయిలైతే రాత్రి మేలుకుని సరిచేస్తాం. ఇక్కడ సరిచేయడానికి ఏమీ మిగల్లేదు.

ఇంకాస్త ముందుకెళ్తే బోటలాక్. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు, అలల మీదకి ఒరిగిన కొండకి అతుక్కుని ఉండే రెండు క్రౌన్ ఇంజిన్ హౌస్‌లు. పోల్డార్క్ సిరీస్ చూసినవాళ్లకి ఈ తీరమంతా తెలిసిందే. 1865లో వేల్స్ యువరాజు, యువరాణి ఈ గనిలోకి దిగి చూశారట. నేను మాత్రం గడ్డి మీద కూర్చుని పేస్టీ తిన్నాను. గని మనుషుల క్యారియర్ అది. మందపాటి పిండి తొడుగు, లోపల మాంసం, బంగాళాదుంప. తాతకి అవ్వ రాగిసంగటి కట్టిచ్చేదట.

తాత కాల్

తగరం పడిపోయినప్పుడల్లా ఈ ఊళ్లు ఖాళీ అయ్యేవి. 19వ శతాబ్దంలో కార్నిష్ గని మనుషులు ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా, మెక్సికో, మన కోలార్... ఎక్కడ పని ఉంటే అక్కడికి వెళ్లారు. వాళ్లకి 'కజిన్ జాక్' అని ముద్దుపేరు. ఆన్‌సైట్ అన్నది మనం కనిపెట్టింది కాదు!

మర్నాడు మళ్లీ గీవర్‌కి వెళ్లాను. ముందురోజు టైమ్ చాలక వదిలేసిన గది ఒకటుంది. గని మనుషులు బట్టలు మార్చుకునే 'డ్రై'. లాకర్లు, హెల్మెట్లు, మట్టి మరకల బట్టలు. అప్పుడే షిఫ్ట్‌కి దిగినట్టు అన్నీ అలాగే ఉన్నాయి. ఎందుకో తాతకి వీడియో కాల్ చేశాను. ఫోన్ నెమ్మదిగా గదంతా తిప్పాను.

తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాది కూడా ఇట్లనే ఉండేది రా," అన్నాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. నేను ఏ ఎమోషనల్ డైలాగో వస్తుందనుకున్నాను. ఆయన అడిగింది వేరే.

"నీళ్లు తోడతా ఉండారా?"

పక్కనున్న గైడ్‌ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. 1991లో పంపులు ఆపేశారు, కిందంతా నీళ్లే అన్నాడు.

తాతకి చెప్పాను.

"అట్లయితే ఇంక తెరవరులే," అన్నాడు. "పంపు ఆపినారంటే అయిపోయినట్టే. మాది మూసినప్పుడు గూడా నేను అదే అడిగినా."

2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ మూతపడింది. అప్పటికే రిటైరైన తాత, తన ఉద్యోగం పోయినందుకు కాదు, పంపుల గురించి అడిగాడు. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతున ఆయన నిలబెట్టిన దుంగలు ఆ నీళ్లలో ఎక్కడున్నాయో!

గైడ్ ఫోన్లోకి తొంగిచూసి ఎవరని అడిగాడు. "మా తాత. గనిలో పనిచేశాడు. కోలార్‌లో," అన్నాను. ఆయన వెంటనే తన హెల్మెట్ తీసి ఫోన్‌కి చూపించాడు. తాత చెయ్యెత్తాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. నేను మధ్యలో అనువాదం చేయబోయాను. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

మీరు వెళ్లాలనుకుంటే: గీవర్ శుక్ర, శనివారాలు సాధారణంగా తెరవరు. టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి. గాలి ఎక్కువ, జాకెట్ తప్పనిసరి. మీ ఇంట్లోనూ గని మనిషి ఎవరైనా ఉంటే, సింగరేణి అయినా కోలార్ అయినా, ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్లండి. కాల్ పొడుగ్గా సాగుతుంది.