దమ్ము

మా కోరుట్లలో దమ్ము అంటే ఊపిరి. ధైర్యం కూడా. బీడీని ఒకసారి పీల్చినా దమ్మే. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఈ మూడు అర్థాలూ మా అక్క ఇంట్లోనే ఎదురయ్యాయి.

అక్క బీడీలు చుడుతుంది. బావ గల్ఫ్‌లో ఉంటాడు. పన్నెండేళ్ల కూతురికి రాత్రిళ్లు దగ్గు. పట్నంలో ఆసుపత్రికి తీసుకెళితే కూర్చోబెట్టి చేసిన ఊపిరి పరీక్షలో ఏమీ తేలలేదు. "ఆడేటప్పుడు ఆయాసం వస్తుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఆడివిల్లకు ఆటలెక్కడియి మేడం? బడికెల్లి రాంగనే నా పక్కన కూసుంటది" అంది అక్క.

పరుగే లేని పిల్లకు ఆయాసం ఎలా బయటపడుతుంది?

ఆస్తమా ఉన్న కొందరు పిల్లలకు పరుగెత్తితేనే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. వేగంగా పీల్చే గాలి లోపలి తడిని ఆరబెట్టడం దీనికి కారణం. అందుకే ట్రెడ్‌మిల్ మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పరుగెత్తిస్తారు. ముందూ, తర్వాత అరగంట వరకూ స్పైరోమీటర్‌లో ఊదిస్తారు. మొదటి సెకనులో బలంగా వదిలే గాలి 10 శాతం గానీ అంతకుమించి గానీ తగ్గితే జబ్బు ఉన్నట్టు లెక్క. మా పిల్లకు 18 శాతం తగ్గింది.

"పెండ్లి గావాల్సిన పిల్ల. దమ్ము బీమారని బయట అనకుండ్రి" అని ఇంటి పెద్దావిడ హెచ్చరిక. జబ్బు కన్నా ముందు సంబంధాలు గుర్తొచ్చాయి!

పొగాకు దుమ్ము వల్లే ఇది వచ్చిందని పరీక్ష చెప్పలేదు. కానీ ఆ దుమ్ము ఈ ఊపిరితిత్తులకు మంచిది కాదని అందరికీ తెలుసు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానాలో పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదంది. మరి ఇల్లే కార్ఖానా అయినచోట? తల్లి పక్కన కూర్చుని బీడీల మూతులు మడిచే బిడ్డది పని కాదు, సాయం. ఆడపిల్లల శ్రమకు మనం పెట్టుకున్న ముద్దుపేరు అది.

డాక్టరమ్మ ఇన్‌హేలర్‌తో పాటు 'ఆటలు మానొద్దు' అని కూడా చీటీలో రాసింది. మా ఇంట్లో ఏ ఆడపిల్లకూ ఇంతవరకూ ఎవరూ అలాంటి మందు రాయలేదు.

బీడీల కూలి లేకుండా ఇల్లు గడవదు కాబట్టి చాట ఇంకా అక్క ఒడిలోనే ఉంది. పిల్ల మాత్రం సాయంత్రాలు బడి మైదానంలో ఆగుతోంది. అక్క వద్దనడం లేదు.