అనుభవమా? వంటింట్లోనే ఉంది!

‘ఎన్నేళ్ల అనుభవం ఉంది?’ కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లను నీరుగార్చేసే ప్రశ్న ఇది. పనిస్తేనే కదా అనుభవం వచ్చేది! అది ఉంటేనే పనిస్తామంటారు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లికాదు అన్నట్టు!

నేను చదివింది బీకాం. హైదరాబాద్ జీడిమెట్లలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఓ చిన్న యూనిట్‌లో పదేళ్లు లెక్కలు రాశాను. అది మూతపడ్డాక, 38 ఏళ్ల వయసులో ‘ఇక సొంతంగా ప్రొడక్ట్ డిజైన్ చేస్తాను’ అన్నాను. ఇంట్లో అందరూ నా ముఖంలోకి చూశారు. అద్దె, బాబు స్కూలు ఫీజు... చేతిలో ఉన్న డబ్బు ఆర్నెల్లకే సరిపోతుంది. ‘ఆర్నెల్లు చూద్దాం’ అన్నారు మావారు. గడువు దాటితే మళ్లీ పద్దులే.

డిజైన్ అంటే వస్తువుకి సోకులు దిద్దడం అనుకుంటారు చాలామంది. కాదు. వాడే చేతికీ, తయారుచేసే మిషన్‌కీ పొత్తు కుదర్చడం. అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో ఎంతగానో మెచ్చుకున్నది దేన్నో తెలుసా? మన చెంబుని! ఎన్ని నీళ్లు పట్టాలి, ఎలా మోయాలి, ఎలా వంచాలి, ఎలా తోమాలి... అన్నిటికీ అందులో జవాబుందన్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. నేనక్కడ చదవలేదు. కానీ చెంబు నాకూ తెలుసు!

మా అత్తయ్యకి కీళ్లవాతం. పచ్చడి సీసా మూత తిప్పలేరు. నేను లేనిపూట పచ్చడి లేకుండానే తినేసేవారు. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన కూడా భార్యకి కీళ్లనొప్పులుండటం చూసే లావుపాటి మెత్తని పిడి ఉన్న పీలర్ చేయించారట. ఆక్సో కంపెనీ పేరుతో 1990లో అది మార్కెట్లోకి వచ్చింది. అది చదివాక ధైర్యమొచ్చింది.

సీసా మూతమీద గోధుమపిండి ముద్ద అంటించి, అత్తయ్యని తిప్పమన్నాను. వేళ్లు కాదు, అరచెయ్యి పడింది. మా వీధిలో మరో తొమ్మిదిమంది పెద్దవాళ్లతోనూ తిప్పించాను. వాళ్లందరిదీ అదే తీరు! దాంతో అరచేత్తో నెట్టేలా మూడు రెక్కల మూత గీసి, త్రీడీ ప్రింట్ తీయించాను.

దాన్ని పట్టుకుని తయారీదారుల దగ్గరికి తిరిగాను. ‘ఏం కోర్సు చేశావమ్మా?’ అన్నారు నలుగురు. ఐదో ఆయన మాత్రం మూత తిప్పి చూసి, ‘ఇది అచ్చులోంచి ఊడొస్తుందా?’ అని అడిగారు. నాకు కావలసింది ఆ ప్రశ్నే! అంచులు ఒకటి రెండు డిగ్రీలు ఏటవాలుగా ఉంటేనే ముక్క అచ్చులోంచి సులువుగా వస్తుంది. మందం పెరిగితే చల్లారడానికి సమయం పట్టి ఖర్చు పెరుగుతుంది. పదేళ్లు నేను రాసిన నష్టాల లెక్కల్లో ఉన్నవి ఇవే మరి! గడగడా చెప్పేశాను. సగం డబ్బు అడ్వాన్సుగా ఇచ్చారు. అప్పటికి ఐదో నెల.

ఇప్పటికీ జీతంలా నెలనెలా రాదు. ఒక నెల పండగ, ఒక నెల పస్తు. అందుకే పని మొదలుపెట్టకముందే సగం అడ్వాన్సు, ఎన్నిసార్లు మార్పులు చేస్తానో కాగితం మీద రాత... ఈ రెండూ తప్పనిసరి. ఇంకోమాట. కొత్త ఆకారాన్ని బయటపెట్టకముందే రిజిస్టర్ చేయించుకోవాలి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది.

మీకూ ఈ దారిలోకి రావాలనుందా? ముందు ఇంట్లో ఎవరు ఏ వస్తువుతో కుస్తీ పడుతున్నారో వారంరోజులు గమనించండి. డిగ్రీ లేదని మొహమాటపడకండి. పట్టుకుని చూసేందుకు చేతిలో ఒక వస్తువుంటే, అడగాల్సిన ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు!