మా ఇంట్లో మూడు తరాలు, ముగ్గురు కన్నప్పలు



మా కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు అయిపోయినాయి. ఆ ఇరవై ఒక్క రోజులు మా ఊరి రోడ్డు మీద మాకే నడిచే చోటు ఉండదని మీకు తెలుసు కదా. ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. జూన్ నెల నుంచి మనసులో తిరుగుతా ఉన్న ఒక సంగతి రాస్తా ఉండాను. ఈసారి మామిడి రేటు గురించి కాదు, సినిమా గురించి. కానీ మొదలైంది మాత్రం మామిడి ట్రాక్టరు దగ్గరే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

2025లో తోతాపురి మనల్ని ఏం చేసిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇస్తుంది, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అన్నారు. రేటు సంగతి తర్వాత, ముందు కాయలు దించుకుంటే చాలు సామీ అని మేము జూన్ చివర్లో లోడు తీసుకుపోయి లైన్లో పెట్టినాము. ముందర ఎన్ని బండ్లు ఉన్నాయో లెక్క పెట్టడం రెండో రోజే మానేసినాను. అడుగు కాయలు మెత్తబడి ట్రాలీ కింద రసం కారతా ఉంది. ఈగలు. పగలు ట్రాక్టరు నీడలో కూర్చోవడం, రాత్రి గోనెపట్ట పరుచుకుని పడుకోవడం.

మూడో రోజు మా నాయన సంగటి క్యారియరు పట్టుకుని బస్సులో వచ్చినాడు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. కుడి కంటికి పొర ఆపరేషన్ ఫిబ్రవరిలో అయింది. ఎడమ కంటికి మే నెలలో రమ్మని డాక్టరు చెప్పినాడు. "కాయలు అయిపోనీరా, చూస్తాం" అని నాయనే వాయిదా వేస్తా వచ్చినాడు. నేను కూడా గట్టిగా అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆ వాయిదా నాకూ సౌకర్యంగానే ఉండింది. చేతిలో మనిషి లేడు, డబ్బు లేదు, తోట వదిలి ఆస్పత్రి చుట్టూ తిరగడానికి టైము లేదు.

మేము తింటా ఉంటే మా పిల్లోడు ఫోన్ చూస్తా అన్నాడు: "నాన్నా, కన్నప్ప రిలీజ్ అయింది. మోహన్‌లాల్, అక్షయ్ కుమార్, ప్రభాస్ అందరూ ఉండారు. రాత్రి చిత్తూరుకు పోయి చూసొద్దామా?"

మా నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోతా ఆగినాడు. "కన్నప్పా? అది ఎప్పుడో అయిపోయింది కదరా. కృష్ణంరాజు చేసేసినాడు. మళ్లీ తీసేదానికి ఏముంది అందులో?"

అక్కడ మొదలైంది వాదన. చుట్టుపక్కల ట్రాక్టర్ల వాళ్లు కూడా చేరినారు. లైన్లో పనేముంది చెప్పండి!

మా నాయన చెప్పేది 1976లో వచ్చిన "భక్త కన్నప్ప" గురించి. బాపు తీసినాడు. కృష్ణంరాజు తిన్నడు, వాణిశ్రీ నీల, రావు గోపాలరావు పూజారి. నేను దాన్ని చూసింది తర్వాత కొన్నేళ్లకు, టెంటు కొట్టాయిలో. నేల టికెట్టు. ఇసకలో నాయన ఒడిలో కూర్చుని, బొరుగుల పొట్లం చేతిలో పట్టుకుని చూసినాను. రీలు మార్చేటప్పుడు లైట్లు వేస్తే చుట్టూ ఆడోళ్లు కళ్లు తుడుచుకుంటా ఉన్నారు. ఆ సినిమాలో కిరాతార్జునీయం పాట వేటూరి రాసినాడు. శబ్దగ్రహణానికి ఎస్.పి. రామనాథన్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది. మా టెంటులో స్పీకరు పగిలిపోయి గరగరమంటా ఉండేది. అయినా ఆ పాట మాకు గుండెల్లో మోగింది.

"దాన్ని మించి ఇంకోటి రాదు" అని నాయన తీర్పు చెప్పేసినాడు.

అప్పుడు నాకు మా తాత గుర్తుకు వచ్చినాడు. నాయన వాళ్ల నాయన. ఆయన ఉన్నన్నాళ్లూ కృష్ణంరాజును తిన్నడిగా ఒప్పుకోలేదు. ఆయనకు కన్నప్ప అంటే 1954లో వచ్చిన "కాళహస్తి మహాత్యం"లో రాజ్‌కుమార్. అవును, కన్నడ రాజ్‌కుమారే. అదే ఏడాది కన్నడంలో "బేడర కణ్ణప్ప"తో ఆయన హీరో అయినాడు, అదే కథను తెలుగులోనూ తీసినారు. "ఆయన మొహంలో అమాయకం ఉండాది, ఈయన మొహంలో రోషం ఉండాది" అనేవాడు మా తాత. అంటే మా నాయన "అసలు" అనుకునే సినిమా మా తాతకు "నకలు". ఈ మాట నేను లైన్లో బయట పెట్టగానే పక్క ట్రాక్టరాయన పకపకా నవ్వినాడు. నాయన మాత్రం నవ్వలేదు.

ఆలోచిస్తే మనం పాత గొప్ప సినిమాలు అనుకునేవాటిలో చాలా వాటిది ఇదే కథ. 1963 "లవకుశ"ను మించింది లేదంటాం. కానీ 1934లోనే సి. పుల్లయ్య ఒక "లవకుశ" తీసినాడు. 1963 సినిమాను మొదలుపెట్టింది కూడా ఆయనే, పూర్తి చేసింది ఆయన కొడుకు సి.ఎస్. రావు. ఈ రోజు ఆ 1934 సినిమాను తలుచుకునేవాళ్లు ఎంతమంది? 1957 "మాయాబజార్" కంటే ముందే 1936లో ఆ శశిరేఖ కథ తెర మీదికి వచ్చేసింది. కాబట్టి రెండోసారి తీసిందంతా తక్కువే అనే మాట నిలబడదు.

అట్లని ప్రతిదీ నిలబడుతుందా అంటే అదీ లేదు. అక్కినేని "దేవదాసు" 1953లో వచ్చింది. 1974లో కృష్ణ హీరోగా మళ్లీ తీసినారు, రంగులు ఉన్నాయి, పెద్ద తెర ఉంది, జనం మాత్రం పాత దేవదాసు దగ్గరే ఉండిపోయినారు. 2011లో అదే బాపు "లవకుశ" కథను "శ్రీరామరాజ్యం"గా తీసినాడు. దానికి నంది అవార్డు వచ్చింది. నయనతార సీతను మెచ్చుకోనోళ్లు లేరు. అయినా మా ఇంట్లో పెద్దోళ్లకు సీత అంటే అంజలీదేవే.

కన్నడంలో ఇంకో తమాషా జరిగింది. 1988లో "శివ మెచ్చిద కణ్ణప్ప" తీస్తే కొడుకు శివరాజ్‌కుమార్ కన్నప్ప అయినాడు, 1954లో కన్నప్పగా చేసిన రాజ్‌కుమార్ శివుడు అయినాడు. ఇప్పుడు ఈ 2025 కన్నప్పలో ప్రభాస్ ఎవరు? కృష్ణంరాజు తమ్ముడి కొడుకు. మంచు విష్ణు తిన్నడు, చిన్నప్పటి తిన్నడు ఆయన కొడుకే, పూజారి మహదేవశాస్త్రి వాళ్ల నాయన మోహన్‌బాబు. మన ఇండ్లల్లో పొలం చేతులు మారినట్టే కథ కూడా ఇంట్లోనే చేతులు మారతా వస్తా ఉండాది.

అయినా మా నాయన దిగిరాలేదు. అప్పుడు మా పిల్లోడు ఒక మాట వేసినాడు చూడండి.

"తాతా, శ్రీకాళహస్తిలో పాత రాజగోపురం పడిపోయింది కదా. కొత్తది కట్టినారు. దానికి మొక్కినావా లేదా?"

ఆ గోపురం సంగతి మన జిల్లాల వాళ్లు మరిచిపోలేరు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26న కూలిపోయింది. ఆ రాత్రి మా నాయన అన్నం ముట్టలేదు. 2017లో కొత్త గోపురం లేచింది. మొదటిసారి పోయినప్పుడు నాయన దాని ముందర చాలాసేపు నిలబడి, తర్వాత చేతులెత్తి మొక్కినాడు. పక్కన నేనే ఉండాను.

"మొక్కినాను" అన్నాడు నాయన. "గోపురం అంటే లోపలికి పోయే దోవరా. లోపల సామి అదే సామి కదా."

"అట్లయితే పోయి చూస్తాం, ఈ కన్నప్ప లోపల సామి ఉండాడో లేదో" అన్నాడు పిల్లోడు. ఇంక నాయనకు తప్పలేదు. మా బామ్మర్దిని ట్రాక్టరు దగ్గర కూర్చోబెట్టి, ముగ్గురం చిత్తూరులో సెకండ్ షోకు పోయినాము. చొక్కాలకు మామిడి సొన వాసన అట్లే ఉంది.

సినిమా ఎట్లా ఉంది? ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మొదటి సగం మాకు ఎక్కలేదు. ఎక్కువ భాగం న్యూజిలాండులో తీసినారంట. ఆ పచ్చని కొండలు, ఆ పెద్ద పెద్ద నదులు చూసి నాయన నా చెవిలో "ఇది ఏ దేశం రా?" అన్నాడు. ఆ మాటకొస్తే పాత సినిమా అడవి కూడా మన అడవి మాదిరి లేదు. మన గుట్టలంటే బండరాళ్లు, కలివి పొదలు, ఎండిన గడ్డి. మన స్వర్ణముఖి అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. తిన్నడు ఆ నదిలో నీళ్లు పుక్కిట పట్టి తెచ్చినాడంటే దాని విలువ తెలిసేది నీళ్ల కరువు చూసినోడికే. కొత్త సినిమాలో నీళ్లకు కరువు లేదు. యుద్ధాలకూ కరువు లేదు. విల్లు పట్టిన వీరుడు కనపడినాడు కానీ, వేటాడి కడుపు నింపుకునే మనిషి నాకు తక్కువ కనపడినాడు.

తిన్నడి కథలో ప్రాణం ఎక్కడుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆయనకు మంత్రం రాదు, మడి తెలియదు. తాను బతికే పని ఏదో, ఆ పనిలో దొరికిందే పెట్టినాడు. మాంసం కాల్చి, రుచి చూసి, మెత్తగా ఉన్న ముక్క ఏరి సామికి పెట్టినాడు. మనం తోటలో మొదటి కాయ, కళ్లంలో మొదటి గింజ దేవుడికి తీసి పెట్టినట్టే. పన్నెండో శతాబ్దంలో తమిళంలో శేక్కిళార్ పెరియ పురాణంలో చెప్పింది అదే, రాయల కాలంలో మన ధూర్జటి చెప్పింది అదే. ఈ రోజుకీ శివరాత్రి బ్రహ్మోత్సవాలకు శ్రీకాళహస్తిలో మొదటి ధ్వజారోహణం కొండ మీద కన్నప్ప దగ్గరే. సామి కంటే ముందు వేటగాడికి. మా కాణిపాకం కథ కూడా అట్లాంటిదే కదా! గుడ్డి, మూగ, చెవుడు ఉన్న ముగ్గురు అన్నదమ్ములు సేద్యం కోసం బావి తవ్వతా ఉంటే గునపం తగిలి రాయి నుంచి రక్తం వచ్చింది. రాయికి నెత్తురు వస్తే ఎట్లుంటుందో మా ఊర్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

అందుకే రెండో సగంలో కథ లింగం దగ్గరికి వచ్చేసరికి థియేటరులో గుసగుసలు ఆగిపోయినాయి. ప్రభాస్ వచ్చినప్పుడు ఈలలు వేసిన పిల్లోళ్లే చివర్లో కదలకుండా కూర్చున్నారు. లింగం కంటి నుంచి రక్తం. తిన్నడు తన కన్ను తీసి పెట్టినాడు. రెండో కంటి నుంచి కూడా రక్తం. ఆ రెండో కన్ను కూడా పీకేస్తే లింగం కన్ను ఎక్కడుందో కనపడదు కదా, అందుకని గుర్తు కోసం కాలి బొటనవేలు అక్కడ పెట్టినాడు.

పక్కకు తిరిగి చూస్తే మా నాయన కుడి చేత్తో తన ఎడమ కన్ను మూసుకుని చూస్తా ఉన్నాడు. పొర ఉన్న కన్ను అడ్డం వస్తా ఉంటే మంచి కంటితో చూడడానికి అట్లా చేస్తాడని నాకు తెలుసు. ఇంట్లో టీవీ కూడా అట్లే చూస్తాడు. రోజూ చూసేదే. కానీ ఆ రోజు, ఆ సీను ముందర, నాకు గొంతు పట్టుకుపోయింది. తెర మీద ఒకడు రాతికి కన్ను ఇస్తా ఉండాడు. నేను నా తండ్రి కన్నును తోతాపురి కాయలు అయిపోయేదాకా ఆగమన్నాను.

బయటికి వచ్చినాక పిల్లోడు అడిగినాడు, "ఎట్లుంది తాతా?"

"గోపురం ఎక్కువైంది. కానీ లోపల సామి ఉండాడు" అన్నాడు నాయన.

కాయలు ఐదో రోజు దిగినాయి. ఎంత వచ్చిందో రాయను, మీకందరికీ వచ్చినట్టే వచ్చింది. ఆగస్టులో నాయనకు రెండో కన్ను ఆపరేషన్ చేయించినాను.

పోయిన వారం, రెండు కళ్లూ బాగా కనపడతా ఉండాయి కదా అని, మా పిల్లోడు ఫోన్ టీవీకి కలిపి పాత "భక్త కన్నప్ప" పెట్టినాడు. నాయన తెల్ల పంచె కట్టుకుని, గుడికి పోయినట్టు కూర్చున్నాడు. కాసేపటికి ఆయన మొహంలో ఏదో తేడా.

"లింగం ఇంత చిన్నదా? టెంటులో మనిషెత్తు ఉన్నట్టు కనపడిందే" అన్నాడు. ఇంకాసేపటికి, "ఈ కంటి సీను ఇంతేనా? నాకు గంటసేపు జరిగినట్టు గుర్తు."

అప్పుడు నాకు అర్థమైంది. మా నాయన ఇన్నేళ్లూ కొత్త సినిమాలను పోలుస్తా ఉండింది 1976 సినిమాతో కాదు. ఆ సినిమాను ఆయన తలలో నలభై తొమ్మిదేళ్లు మళ్లీ మళ్లీ తీసుకున్నాడు. ప్రతిసారీ లింగాన్ని కొంచెం పెద్దది చేసుకున్నాడు. దానికి ఏ డైరెక్టరు సాటి వస్తాడు? మా తాత రాజ్‌కుమార్ కూడా అట్లే పెరిగి ఉంటాడు.

అయినా పాత సినిమా చిన్నబోలేదు. కిరాతార్జునీయం పాట వస్తా ఉంటే మా పిల్లోడు కూడా ఫోన్ పక్కన పెట్టేసినాడు. తిన్నడు కాలు ఎత్తి పెట్టిన చోట నాయన చేతులు జోడించినాడు. "ఇది మాత్రం మారలేదు. ఆ కొత్త పిల్లోడు కూడా ఇక్కడ తప్పు చేయలేదు" అన్నాడు.

కాబట్టి అన్నలారా, కొత్త సినిమా పాతదానికి సాటి వస్తుందా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ. గోపురం కొలవద్దు, లోపల సామి ఉండాడో లేదో చూడండి. ఇంకో మాట, పాతదే గొప్ప అని పిల్లోళ్లతో కొట్లాడే ముందు ఆ పాతదాన్ని ఇంకోసారి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

మీ ఇంట్లో పెద్దోళ్ల కన్నప్ప ఎవరో కింద రాయండి. అట్లే, ఇంట్లో ఎవరికైనా కంట్లో పొర ఉంటే పంట అయిపోయేదాకా ఆగొద్దు. పంటలకు అంతు ఉండదు.