ఎర్రమంజిల్‌లో ఇరవై మెట్లు

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్లో లిఫ్టు దిగి రోడ్డు మీదికి వచ్చి, కాలనీలోకి తిరిగితే దారి ఎత్తెక్కడం మొదలవుతుంది. ఇదంతా గుట్ట. నవాబ్ ఫక్రుల్ ముల్క్ తన దేవిడీ కట్టించుకున్నది ఈ గుట్ట మీదే. దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ భవనం ఇంకా నిలిచి ఉంది. చుట్టుపక్కల పాత ఇళ్లకి కూడా ఏటవాలు నేల వల్ల అరుగులు ఎత్తు. గేటు తీయగానే మెట్లు.

పిన్ని వాళ్లిల్లు అలాంటిదే. హైదరాబాదులో ముప్ఫై నలభై ఏళ్ల కిందట ఇళ్లు కట్టుకున్న ఉద్యోగస్తుల పద్ధతి ఒకటే: కింది వాటా అద్దెకిచ్చి పైన తాముండటం. మెట్లు ఇంటి బయట, పక్క సందులోంచి. అద్దెకున్నవాళ్లు మన వాకిట్లోంచి తిరగనక్కర్లేదని అప్పట్లో అందరూ మెచ్చుకున్న ఏర్పాటు అది. కట్టించినవాళ్లకి డెబ్బై అయిదు దాటేసరికి ఆ మెట్లే ఇంటికీ ఊరికీ మధ్య అడ్డమయ్యాయి. స్టేషన్లో లిఫ్టు ఉంది, ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిమ్స్ పంజగుట్టలోనే ఉంది, మందుల షాపు వీధి మలుపులో ఉంది. వాటిలో దేన్ని చేరాలన్నా పిన్ని ముందు ఇరవై మెట్లు దిగాలి. ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. దానికి తోడు పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమ చెయ్యీ కాలూ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

స్టెయిర్‌లిఫ్ట్ పెట్టిద్దామన్న మాట అలా వచ్చింది. మెట్ల పక్కన ఒక పట్టా, దాని మీద కుర్చీ, మనం కూర్చుంటే అదే పైకి తీసుకెళ్తుంది. కొలతలు తీసుకునే కుర్రాడు వస్తున్నాడని బాబాయి ఫోన్ చేస్తే నేనూ వెళ్లాను. ఒక కుర్చీ బొమ్మ చూసి నచ్చిందనేసి కొనే వస్తువు కాదిది. ఏది కొనాలో మెట్లూ మనిషీ కలిసి తేలుస్తారు. ఆ సంగతి నాకు అక్కడే బోధపడింది.

ఆ కుర్రాడు టేపు తీయకముందు చేసిన పని నాకు బాగా నచ్చింది. స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో మెట్టునీ తడుతూ పైదాకా వెళ్లాడు. మెట్ల మీద పరిచినవి షాబాదు బండలు. ఎక్కువ మెట్లు గట్టిగానే పలికాయి. ఏడోది, పన్నెండోది మాత్రం డొల్లగా మోగాయి. "పట్టాని గోడకి బిగిస్తారని అందరూ అనుకుంటారు మేడం. మేం బిగించేది మెట్టుకే. కింద సిమెంటు జారిపోయి ఖాళీ ఉంటే డ్రిల్లు పెట్టగానే బండ పగులుతుంది. ఆ రెండూ లేపి మళ్లీ వేయించండి," అన్నాడు. తర్వాత ఎత్తులు కొలిచాడు. ఒక్కో మెట్టు ఇరవై సెంటీమీటర్లు. ఇళ్లలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదని 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి అంటుంది. ఈ ఇల్లు అంతకు చాలా ముందుది, మేస్త్రీ చెయ్యి ఎటు తిరిగితే అటు వచ్చింది. సందులో తర్వాతెప్పుడో బండలు పరిచి నేల లేపడంతో మొట్టమొదటి మెట్టు పద్నాలుగే ఉంది. పందొమ్మిది మెట్లు ఒక లెక్కలో దిగిన కాలు ఇరవయ్యో దగ్గర తడబడుతుంది. పిన్ని రెండుసార్లు తూలిందీ అక్కడేనట.

తూలడం చిన్న మాట కాదు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. పెద్దవాళ్లు పడితే తుంటి విరుగుతుంది. విరిగాక మంచం, మంచం పట్టాక మిగతావన్నీ. మన ఇళ్లలో ఈ ఖర్చుని విలాసం కింద లెక్కేయడం నాకు మింగుడుపడదు.

ఇంతకీ చిక్కు మలుపులో ఉంది. పదకొండు మెట్లెక్కాక ల్యాండింగ్, అక్కడ కుడికి పూర్తిగా తిరిగి ఇంకో తొమ్మిది. మెట్లు మధ్యలో తిరగకుండా సూటిగా ఉంటే పట్టా సిద్ధంగా దొరుకుతుంది, కావలసిన పొడవుకి కోసి బిగిస్తారు, ఒక పూటలో పని అయిపోతుంది. మలుపుంటే ఆ మెట్లని ఫొటోలు తీసి, కొలిచి, ఆ ఇంటికే ప్రత్యేకంగా పట్టా వంచి తయారుచేయాలి. ఖరీదు రెట్టింపు దాటుతుంది, నెలలు పడుతుంది. పైగా ఆ పట్టా రేపు ఇంకొకరింటికి పనికిరాదు, అమ్ముదామన్నా కొనేవాళ్లుండరు.

అందుకే కుర్రాడు ఇంకో దారి చెప్పాడు. రెండు సూటి పట్టాలు, రెండు కుర్చీలు. ల్యాండింగ్‌లో ఒకటి దిగి ఇంకోటి ఎక్కడం. లక్షల్లో తేడా వస్తుందనేసరికి బాబాయి మొగ్గు చూపించారు. నేను వద్దన్నాను, ఇప్పటికీ వద్దనే అంటాను. కుర్చీలో కూర్చున్నంతసేపూ పిన్నికి ప్రమాదం లేదు. ప్రమాదమంతా కూర్చోవడంలో, లేవడంలో. మెట్ల నడుమ, గాలివానలో, ఒక చెయ్యి స్వాధీనంలో లేని మనిషి కుర్చీ మారాలంటే మిగిల్చిన డబ్బుకి కొనుక్కున్నది ఆ ప్రమాదమే అవుతుంది. మోకాళ్ల నొప్పి మాత్రమే ఉన్నవాళ్లకైతే రెండు కుర్చీల ఏర్పాటు సరిపోవచ్చు. ఈ ఇంటికి సరిపోదు.

పిన్ని అంతవరకూ ఏమీ అనలేదు. "వాడుతున్నవాళ్లెవరైనా ఉంటే చూపించు బాబూ. నువ్వు చెప్తే నాకు తెలీదు," అంది. కుర్రాడు ఫోన్ చేసి అడిగితే, రెండు వీధుల అవతల ఒక రిటైర్డ్ టీచరుగారు రమ్మన్నారు. తనకి మళ్లీ ఎక్కి దిగడం కష్టమని పిన్ని నన్ను పంపింది. "నువ్వు కూర్చుని చూడవే. చీర కట్టుకున్నావుగా, నాకు అదే కావాలి."

టీచరుగారిది డూప్లెక్సు. లోపలి మెట్లు, మలుపు లేదు. మెట్ల అడుగున గోడకి ఆనుకుని కుర్చీ మడిచి ఉంది. మడిస్తే అడుగుకి కాస్త ఎక్కువ స్థలం తీసుకుంటుంది, పక్కనుంచి మనిషి ఎక్కొచ్చు. ఆవిడ ఎక్కే తీరు నేను కళ్లార్పకుండా చూశాను. ముందు పైట చెంగు తీసి బొడ్డులో దోపుకున్నారు. కుచ్చిళ్లు మోకాళ్ల మధ్యకి లాక్కున్నారు. తర్వాత పాదాలపీట దించి, కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు. "చెంగు వదిలేస్తే పట్టా వైపు జారుతుందమ్మా. కింద పళ్లున్నాయి చూడు, గ్రీజు కూడా," అన్నారు. వంగి చూశాను. పట్టా పొడవునా ఉక్కు పళ్లు, కుర్చీలోని పళ్లచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. జారే తాడు లేదు, అందుకే ధైర్యం. అమ్మకానికి ఇచ్చే కాగితాల్లో చీర సంగతి ఎవరూ రాయరు, మన ఆడవాళ్లకి మొదట చెప్పాల్సింది అదే.

నన్నూ కూర్చోమన్నారు. కుర్చీ చేతి మీద ఉన్న మీటని నొక్కి పట్టుకుంటేనే కదులుతుంది, వదిలితే అక్కడికక్కడే ఆగుతుంది. నిమిషం లోపే పైకి చేరాను. దారిలో టీచరుగారు పై మెట్టు మీద ఒక పుస్తకం పెట్టించారు. పాదాలపీట అంచు దానికి తగలగానే కుర్చీ ఆగిపోయింది. పైన చేరాక కూర్చునే కుర్చీని తిప్పితే మెట్లు వెనక్కి పోతాయి, ఎదురుగా గట్టి నేల. లేచి నిలబడ్డప్పుడు నా వీపు మెట్ల వైపు ఉంది, మెట్లకీ నాకూ మధ్య కుర్చీ అడ్డం ఉంది. ఇందులో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఈ తిరగడానికే. అయితే అక్కడ తిప్పడానికి ఒక మీట లాగాలి, లాగుతూ ఒళ్లు తిప్పాలి. ఒక చేత్తో కష్టం. మోటారుతో దానంతటదే తిరిగే రకం ఉంది, పిన్నికి అదే కావాలని అక్కడే రాసుకున్నాను.

"కరెంటు పోతే?" అని అడిగాను. కుర్చీలో బ్యాటరీలుంటాయి, పట్టా చివర్లలో ఆగినప్పుడు ఛార్జి అవుతాయి, కరెంటు లేకపోయినా చాలాసార్లు ఎక్కి దిగొచ్చు. మధ్యలో వదిలేస్తే కీచుమంటూ గుర్తుచేస్తుంది. టీచరుగారు ఇంకో సంగతి చెప్పారు: "వాకర్లు రెండు కొనుక్కోండి. మొదటి రోజు నేను పైకి పోయాను, వాకరు కింద ఉండిపోయింది. పైన రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను." రిపేరుకి మనిషి హైదరాబాదులోనే ఉండాలి, విడిభాగాలు ఊళ్లో నిల్వ ఉంటాయో లేదో ముందే అడగాలి అని కూడా గట్టిగా చెప్పారు. ఎండాకాలంలో ఆవిడ కుర్చీ ఆగిపోతే భాగం విదేశం నుంచి వచ్చేదాకా పైగదిలోనే ఉండిపోయారట.

1920లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో సి.సి. క్రిస్పెన్ అనే ఆయన మంచం పట్టిన స్నేహితుడి కోసం ఇలాంటి కుర్చీని మొదట తయారుచేశాడంటారు. నూరేళ్లలో మోటారు మారింది, బ్యాటరీ వచ్చింది. కానీ నిటారుగా కూర్చోగలగడం, మీట నొక్కి పట్టుకోగలగడం, లేచి నిలబడగలగడం ఇప్పటికీ మనిషి వంతే. మతిమరుపు ముదిరినవాళ్లకీ, చక్రాల కుర్చీ నుంచి లేవలేనివాళ్లకీ ఇది కాదు. వాళ్లకి ప్లాట్‌ఫాం లిఫ్టో, ఇంటి లిఫ్టో చూడాలి. అందుకే ఒంట్లో బాగున్న రోజు చూసి కాకుండా, అస్సలు బాగోని రోజుని చూసి ఎంచుకోవాలంటాను.

తిరిగొచ్చి అన్నీ చెప్పాను. బాబాయి ఇంకో మాట ఎత్తారు. కింద అద్దెకున్న ఆడిటర్ ఆఫీసుని ఖాళీ చేయించి తామే దిగిపోతే ఏ కుర్చీ అక్కర్లేదు కదా అని. లెక్క ప్రకారం ఆయన మాటలో తప్పులేదు. పిన్ని అద్దె గురించి మాట్లాడలేదు. "డాబా ఎక్కి వడియాలు పెట్టడం మానేశాను. పక్కింటావిడ పిట్టగోడ దగ్గరికొచ్చి మాట్లాడుతుంది, అదొక్కటి ఉంది నాకు. కింద కిటికీ తీస్తే మోటారు సైకిళ్లు. నన్ను కింద పెట్టేసి మీ పని మీరు చూసుకోండి," అంది. బాబాయి మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇలాంటి నిర్ణయాలు పిల్లలో, భర్తో తీసేసుకుని ఆ మనిషికి చివర్లో చెప్పడం చాలా ఇళ్లలో చూశాను. ఎక్కేది ఆవిడ. అడగాల్సింది ఆవిడని.

చివరికి ఖాయమైంది వంచిన పట్టా ఒకటే, బయటి పిట్టగోడ వెంట. పొడవు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. కానీ మెట్ల లోపలివైపున్న ఇనప రెయిలింగు నడిచేవాళ్లకి మిగులుతుంది, ఆడిటర్ ఆఫీసు వాళ్లు డాబా మీద ట్యాంకు చూడటానికి ఎక్కినా అడ్డం ఉండదు. మీట కుడిచేతికి. ఆరుబయట వాడే రకం, కుర్చీకి తొడుగు, దానితో పాటు మెట్ల పొడవునా పైన రేకులు. వానకే కాదు, మే నెల ఎండకి బ్యాటరీలు త్వరగా చస్తాయి. కింద బోరు స్టార్టరు పక్కన పట్టా చివర బయటికి పొడుచుకొస్తే బళ్లు తగులుతాయని, అక్కడ పట్టాని మూల చుట్టూ తిప్పమన్నాను. పైన మెట్టు అంచు దాటి రెండడుగులు లోపలికి వచ్చాకే కుర్చీ ఆగాలని పిన్ని చెప్పింది, కుర్రాడి చేత కాగితం మీద రాయించింది, సంతకం పెట్టించింది.

పట్టా వచ్చేదాకా నెలలు. అంతవరకూ ఆవిడ ఆ మెట్లే దిగాలి. చూస్తే రెయిలింగు ఒక్క వైపే ఉంది. ఎక్కేటప్పుడు అది కుడిచేతికి అందుతుంది, దిగేటప్పుడు ఎడమకి వస్తుంది. అంటే దిగేటప్పుడు ఆవిడ బలమున్న చేతికి పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పిట్టగోడకి పైపు వేయించమన్నాను. కుర్చీ వచ్చాక తీసేయాల్సి ఉంటుంది, సిమెంటులో పూడ్చకుండా బోల్టులతో బిగించమని కుర్రాడు చెప్పాడు. ఆ డొల్ల మెట్లకీ, పొట్టి మెట్టుకీ మేస్త్రీ, పైపుకి వెల్డర్. ఇద్దరూ సోమవారం వస్తామన్నారు.