గనియారి నుండి కడలి ఆవలికి

భిలాయి పొలిమేర దాటి ఉత్తరంగా సుమారు 14 కిలోమీటర్లు సాగితే గనియారి గ్రామం చేరుకుంటాము. పండవానీ గాయని తీజన్‌బాయి పుట్టిన ఊరు ఇది. బుర్రకథలు వింటూ పెరిగిన మాకు తంబూర పట్టి భారతగాథ చెప్పే ఈ కళ పరాయిదిగా తోచలేదు. విస్మయపరచినది ఆమె జీవితమే.

స్త్రీలు కూర్చుండి పాడవలసిన కాలంలో, పురుషులకే పరిమితమైన కాపాలిక శైలిలో ఆమె నిలబడి పాడారు. పాడినందుకు సొంత కులమే వెలివేసింది. 13వ ఏట చంద్రఖురిలో తొలి ప్రదర్శనకు దక్కినది 10 రూపాయలు. గానంలో భీముని గదగా మారే ఆ తంబూరతోనే ఫ్రాన్సు, జర్మనీ, టర్కీ, మారిషస్ దేశాలు చుట్టివచ్చారు. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగమూ చేశారు. 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించింది.

భిలాయి పట్టాలు దేశమంతటా పరచుకున్నాయి. గనియారి గొంతు కడలినీ దాటింది.